ప్రాసెసర్ల నామకరణం

కంప్యూటరులో గణనలు చేసే ప్రధాన భాగమైన ప్రాసెసరుకు తయారీ సంస్థలు పెట్టే వాణిజ్య నామాన్ని, సంఖ్యను, చివరి అక్షరాలను కలిపి ప్రాసెసరు నామకరణంగా వ్యవహరిస్తారు. వ్యక్తిగత కంప్యూటర్ల విపణిలో ప్రధానమైన ఇంటెల్, ఏఎమ్‌డీ సంస్థల పేర్లు ప్రాసెసరు సామర్థ్యాన్ని గాని, అది ఏ మదర్‌బోర్డులో పనిచేస్తుందనే విషయాన్ని గాని నేరుగా తెలుపవు. అందుచేత విడిభాగాలు కొని కంప్యూటరును కూర్చుకొనేవారు, ముఖ్యంగా విద్యార్థులు, ఒకదానికొకటి పొసగని భాగాలను కొని నష్టపోయే అవకాశం ఉన్నది.

సంఖ్యకు గల అర్థం

విశాఖపట్నంలోని ఉక్కునగరం వాసులకు ‘ఎఫ్‌ఈ 500డీ’ అనే గుర్తు సుపరిచితమే. భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం ఇక్కడ 500 అనగా శాశ్వతంగా సాగిపోకుండా కడ్డీ తట్టుకోవలసిన కనీస ఒత్తిడి, చదరపు మిల్లీమీటరుకు 500 న్యూటన్లు. చివరి ‘డీ’ తెగిపోకుండా సాగే గుణం అధికమని తెలుపుతుంది. ఏ కర్మాగారంలో తయారైన కడ్డీకైనా ఈ అర్థం మారదు. ప్రాసెసరు పేరులోని సంఖ్యకు ఇటువంటి ప్రమాణం ఏదీ లేదు. దానిని తయారీదారే అమ్మకాల అవసరాన్ని బట్టి నిర్ణయిస్తాడు, తరువాత మారుస్తాడు కూడా.

చరిత్ర

ఇంటెల్ సంస్థ 1978లో 8086ను, ఆపై 80286 (1982), 80386 (1985), 80486 (1989) లను విడుదల చేసింది. పెద్ద సంఖ్య గలది కొత్తది. పక్కన మెగాహెర్ట్జ్‌లలో వేగం ఉండేది. అంతవరకు చిక్కు లేదు. 1991లో వచ్చిన 486ఎస్ఎక్స్‌లో దశాంశ గణనలు చేసే విభాగం పనిచేయదు. ఆ లోటు తీర్చుకొనుటకు 487ఎస్ఎక్స్ అనే ‘సహాయక’ ప్రాసెసరును విడిగా అమ్మారు. నిజానికి అది పూర్తిస్థాయి 486 ప్రాసెసరే. దానిని అమర్చగానే మొదటిది పని మానివేసేది. అనగా కొనుగోలుదారు రెండు ప్రాసెసర్లకు ధర చెల్లించి ఒక్కదానినే వాడుకొనేవాడు.

అదే 1991లో అమెరికాలోని ఒక న్యాయస్థానం ‘386’ అనే సంఖ్యను ఇంటెల్ తన వ్యాపారచిహ్నంగా చెప్పుకోజాలదని తీర్పు ఇచ్చింది. ఏఎమ్‌డీ కూడా ఆ సంఖ్యను వాడుకొనే వీలు కలిగింది. అందువలననే 1993లో వచ్చిన ఐదవ తరానికి 586 అని కాక, ఐదును సూచించే గ్రీకు పదం ఆధారంగా పెంటియమ్ అని పేరు పెట్టారు.

పోటీ సంస్థలు తమ ప్రాసెసర్లు పెంటియమ్‌తో ఏ మేరకు సరితూగుతాయో తెలిపే సంఖ్యలను వాడసాగాయి. సైరిక్స్ వారి 6ఎక్స్86 శ్రేణిలో ‘166+’ అని ఉన్నదాని అసలు వేగం 133 మెగాహెర్ట్జ్. 2001లో వచ్చిన ఏఎమ్‌డీ అథ్లాన్ ఎక్స్‌పీ 1500+ వేగం 1333 మెగాహెర్ట్జ్. దీనిని మోసమనలేము, ఎందుకనగా అథ్లాన్ ఒక్కొక్క మెగాహెర్ట్జ్‌కు పెంటియమ్ 4 కంటే ఎక్కువ పని చేసేది. 2004లో ఇంటెల్ కూడా వేగాన్ని పేరు నుండి తొలగించి పెంటియమ్ 4 550 వంటి సంఖ్యలకు మారింది.

2005 - 2007 మధ్య వచ్చిన గందరగోళం మరింత పెద్దది. పెంటియమ్ డీ, కోర్ డ్యుయో, కోర్ 2 డ్యుయో, పెంటియమ్ డ్యుయల్ కోర్ - ఈ నాలుగింటిలోనూ రెండేసి కోర్‌లు ఉన్నాయి. వీటిలో పెంటియమ్ డీ పెంటియమ్ 4 రూపకల్పనపై ఆధారపడినది, బాగా వేడెక్కేది. కోర్ డ్యుయో 32 బిట్లకే పరిమితం. కోర్ 2 డ్యుయో 64 బిట్లది. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి విడిభాగాల విపణిలో ‘డ్యుయల్ కోర్ ఇవ్వండి’ అని మాత్రమే అడిగితే వీటిలో ఏదైనా చేతికి రావచ్చు.

సాకెట్టు, చిప్‌సెట్టు

మదర్‌బోర్డుపై ప్రాసెసరును అమర్చే చోటును సాకెట్టు అంటారు. ఒకే పేరుగల ప్రాసెసర్లు వేర్వేరు సాకెట్లకు రావచ్చు. అథ్లాన్ 64 3200+ అనే పేరుతోనే 754, 939, ఏఎమ్2 సాకెట్లకు మూడు రకాలు వచ్చాయి. ఏఎమ్2లో 940 పిన్నులున్నా అంతకుముందున్న ‘సాకెట్ 940’ ప్రాసెసరు అందులో పనిచేయదు. ఇంటెల్ ఐ5 మొదటి తరానికి ఎల్‌జీఏ 1156, రెండవ తరానికి ఎల్‌జీఏ 1155 వాడారు. తేడా ఒక్క పిన్నే అయినా ఒకదానిది మరొకదానిలో అమరదు.

అమరినంత మాత్రాన పనిచేస్తుందనీ కాదు, కొనుగోలుదారులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కోర్ 2 డ్యుయో ఎల్‌జీఏ 775 సాకెట్టులో చక్కగా కూర్చుంటుంది, కాని ఇంటెల్ 915 చిప్‌సెట్టు గల బోర్డుపై నడవదు. 2017లో వచ్చిన ఎనిమిదవ తరం డెస్క్‌టాపు కోర్ ప్రాసెసర్లు ఆరు, ఏడు తరాల వలెనే ఎల్‌జీఏ 1151లో అమరేవి; అయినా ఇంటెల్ వాటికి 300 శ్రేణి చిప్‌సెట్టును తప్పనిసరి చేసింది. ఏఎమ్‌డీ వారి ఏఎమ్4 సాకెట్టు అనేక సంవత్సరాలు కొనసాగడం వినియోగదారులకు మేలు చేసింది. అయితే పాత బోర్డుపై కొత్త రైజెన్ పనిచేయాలంటే ముందుగా బయోస్‌ను నవీకరించాలి. ఆ పనికి చాలా బోర్డులపై పాత ప్రాసెసరు ఒకటి అవసరం కావడం విడ్డూరమైన చిక్కు.

జ్ఞాపకశక్తి విషయం కూడా గమనించదగినది. ఎల్‌జీఏ 1700 బోర్డులు కొన్ని డీడీఆర్4ను, కొన్ని డీడీఆర్5ను స్వీకరిస్తాయి. ప్రాసెసరు రెండింటికీ అనువైనదే, బోర్డు కాదు.

ల్యాప్‌టాపులు

ల్యాప్‌టాపులలో ప్రాసెసరును సాధారణంగా మార్చలేము కనుక పేరును అపార్థం చేసుకుంటే దిద్దుకొనే అవకాశమే లేదు. ల్యాప్‌టాపుల ఐ7-7500యూలో ఉన్నవి 2 కోర్‌లు, అదే తరపు డెస్క్‌టాపు ఐ5-7400లో 4 కోర్‌లు. ఏఎమ్‌డీ 2023 నమూనాలకు వాడిన పద్ధతిలో మొదటి అంకె సంవత్సరాన్ని, మూడవ అంకె అంతర్గత నిర్మాణాన్ని తెలిపేవి. దీని ప్రకారం రైజెన్ 5 7520యూ జెన్ 2 నిర్మాణానిది, రైజెన్ 5 7640యూ జెన్ 4కు చెందినది. రెండూ ‘7000 శ్రేణి’గానే అమ్ముడుపోయాయి. 2023 చివరిలో ఇంటెల్ కొత్త ల్యాప్‌టాపు ప్రాసెసర్లకు ‘ఐ’ అక్షరాన్ని వదలి కోర్ అల్ట్రా అనే పేరు తెచ్చింది. కాని 2024 ఆరంభంలో వచ్చిన, ‘అల్ట్రా’ లేని కోర్ 7 150యూ పాత నిర్మాణానిదే.

ఎంపిక

‘ఐ5’, ‘రైజెన్ 5’ అనేవి శ్రేణుల పేర్లు మాత్రమే. బిల్లుపై పూర్తి సంఖ్య, చివరి అక్షరంతో సహా, ఉండటం మంచిది. ఐ5-12400, ఐ5-12400ఎఫ్ లలో రెండవదానికి గ్రాఫిక్స్ విభాగం పనిచేయదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనిదే తెరపై ఏమీ కనబడదు. బోర్డు తయారీదారు ప్రచురించే ప్రాసెసర్ల జాబితాలో ప్రతి ప్రాసెసరుకు ఎదురుగా అది పనిచేయుటకు కావలసిన కనీస బయోస్ సంచిక ఉంటుంది. పాత భాగాలు కొనేటప్పుడు పెట్టెపై గల పేరు కంటే ఈ జాబితాయే నమ్మదగినది.