మూసారాంబాగ్ జనరల్‌కు విగ్రహం కావాలా?

మన ఉప్పల్, నాచారం ప్రాంతంలో నాయకుల విగ్రహాలకు కొదవ లేదు. గుర్రమెక్కి కత్తి దూసిన సేనాపతి విగ్రహం మాత్రం ముప్పై ఏళ్ళుగా ఈ దారుల్లో తిరుగుతున్న నా కంట పడలేదు. ఈ మాట ఎందుకు వచ్చిందంటే, మన సంఘం పెద్దల్లో కొందరు "తూర్పు హైదరాబాదుకు ఒక జనరల్ ఉన్నాడు గదా, ఆయనకో కంచు విగ్రహం పెట్టించమని ప్రభుత్వానికి అర్జీ ఇద్దాం" అని ప్రతిపాదించారు. ఆ జనరల్ ఫ్రెంచివాడైన రేమాండ్. అర్జీ మీద సంతకం పెట్టే ముందు ఆయన ఫైలు ఒకసారి తిరగవేయడం నాబోటి గుమాస్తాకు అలవాటు. ఆ ఫైలే ఈ వ్యాసం.

ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి రామంతాపూర్, అంబర్‌పేట మీదుగా వెళ్ళి మూసీ దాటితే వచ్చేది మూసారాంబాగ్. నది ఒడ్డున ఉంది కాబట్టి ఆ పేరు వచ్చిందని చాలామంది అనుకుంటారు. నదికీ ఆ పేరుకూ సంబంధం లేదు. 'మొస్యూ రేమాండ్' అన్న ఫ్రెంచి పిలుపు మనవాళ్ళ నోట నలిగి హిందువులకు మూసా రామ్, ముస్లిములకు మూసా రహీమ్ అయింది. ఆయన తోట మూసా రామ్ బాగ్. ఒక పరదేశపు సైనికుణ్ణి ఇరుమతాలవారూ తమ తమ పేర్లతో పిలుచుకోవడం చిన్న విషయం కాదు. 2018లో మెట్రో రైలు ఆ దారిన వచ్చినప్పుడు స్టేషనుకూ ఆ పేరే ఉంచారు.

రేమాండ్ 1755లో ఫ్రాన్సులోని గాస్కనీ ప్రాంతంలో పుట్టాడు. 1775లో పుదుచ్చేరి చేరాడు. బొబ్బిలి యుద్ధం కథ చదివినవారికి బుస్సీ దొర పేరు కొత్త కాదు. ఆ బుస్సీ ముసలితనంలో రెండవమారు మన దేశానికి వచ్చినప్పుడు రేమాండ్ ఆయన కింద పనిచేశాడు. బుస్సీ పోయాక, 1786లో నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు. మొదట ఆయన వెంట ఉన్నది 300 మంది. వాళ్ళ తుపాకులు కూడా సొంతం కావు, ఒక్కొక్కటి నెలకు ఎనిమిది అణాల అద్దెకు తెచ్చినవని చరిత్రకారులు రాశారు. అర్ధరూపాయి అద్దెతో మొదలైన ఆ దళం పదేళ్ళు తిరిగేసరికి పదివేలు దాటింది. యూరపు పద్ధతిలో కవాతు, వేళకు జీతం, సొంత ఫిరంగులు. ఈ మూడింటితోనే ఆయన పలుకుబడి పెరిగింది.

సొంత ఫిరంగులన్నాను. వాటిని పోయించిన చోటు మనకు బాగా తెలిసినదే. గన్‌ఫౌండ్రీ స్టేట్ బ్యాంకు మెట్లు ఎక్కని పెన్షనరు మనలో అరుదు. ఆ పేరుకు మూలమైన 'తోప్ కా సాంచా', అంటే ఫిరంగుల పోతశాల, ఫతే మైదాన్ దగ్గర ఇప్పటికీ శిథిలావస్థలో ఉంది. 1786లో రేమాండ్ కట్టించినది. ఆ కాలపు ఫిరంగులు ఎక్కువగా కంచుతోనో ఇత్తడితోనో పోసినవి. సుమారు తొమ్మిది పాళ్ళు రాగికి ఒక పాలు తగరం కలిపితే ఫిరంగికి పనికివచ్చే కంచు తయారవుతుంది. విగ్రహానికి పనికివచ్చేదీ దాదాపు అదే. అందుకే యూరపులో ఫిరంగులు కరిగించి స్మారకాలు పోశారు. ఆస్టర్లిట్జ్‌లో గెలుచుకున్న ఫిరంగుల కంచుతో నెపోలియన్ పారిస్‌లో వాండోమ్ స్తంభం నిలబెట్టి దానిమీద తన విగ్రహం పెట్టించుకున్నాడు. 1871లో జనం దాన్ని కూలదోశారు, తరువాత మళ్ళీ నిలబెట్టారు.

ఇక యుద్ధం సంగతి. 1795 మార్చిలో ఖర్డా దగ్గర, అంటే నేటి మహారాష్ట్రలో, నిజాంకూ మరాఠాలకూ పోరు జరిగింది. తమాషా ఏమిటంటే, అవతల సింధియా పటాలాలను నడిపినవాడు కూడా ఫ్రెంచివాడే, పేరు పెరాన్. రేమాండ్ దళం గట్టిగానే నిలిచింది. కానీ నిజాం వెనుదిరిగి ఖర్డా కోటలో దూరాడు. రేమాండ్ కూడా వెనక్కి రాక తప్పలేదు. నిజాం కోట్ల రూపాయలు, భూములు ఒప్పుకొని, తన మంత్రి అరస్తుజాను మరాఠాల చేతికి అప్పగించి సంధి చేసుకున్నాడు. అంటే, విగ్రహం పెట్టదలచుకున్నవారు పీఠం మీద చెక్కడానికి ఒక గొప్ప విజయం పేరు వెతికితే దొరకదు. అదే ఏడు నిజాం కొడుకు ఆలీజా తిరగబడితే అణచినది మాత్రం రేమాండే.

1798 మార్చి 25న, 43 ఏళ్ళు నిండకుండానే ఆయన చనిపోయాడు. విషం పెట్టారన్న పుకారు అప్పుడే పుట్టింది. ఆ తరువాత ఏడు నెలల్లో జరిగినదే ఈ ఫైలులో అసలు కాగితం. సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషు కంపెనీతో ఒడంబడిక చేసుకున్నాడు. ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలి, కంపెనీ పటాలాలను ఉంచుకోవాలి, వాటి ఖర్చుకు ఏటా సుమారు 24 లక్షల రూపాయలు చెల్లించాలి. ఈలోగా రేమాండ్ సిపాయిలకు జీతాలు బకాయి పడ్డాయి. బకాయి అన్న మాట ఈ పత్రిక పాఠకులకు వివరించనక్కరలేదు. సిపాయిలు తిరగబడి తమ ఫ్రెంచి అధికారులనే నిర్బంధించారు. అక్టోబరు 22న కంపెనీ సైన్యం చుట్టుముట్టి ఫిరంగులు ఎక్కుపెట్టేసరికి ఆ పదివేల పైచిలుకు సైన్యం కొద్ది గంటల్లో ఆయుధాలు కింద పెట్టింది. యుద్ధమే జరగలేదు. వేళకు జీతం ఇచ్చిన మనిషి పోయాక అది సైన్యంగా మిగలలేదని నా అభిప్రాయం.

ఆ రోజుతో హైదరాబాదు దారి మారిపోయింది. కంపెనీ పటాలాలు దిగిన చోటు 1806లో సికందర్ జా పేరుతో సికింద్రాబాదు అయింది. మన నాచారం అవతలి లాలాగూడ, మౌలాలి వైపు కంటోన్మెంటు వాసన అంటుకోవడానికి మూలం ఆ ఒడంబడికే. కోఠీలో కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ భవనం కూడా ఆ చలవే. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది.

ఓడినవారి జనరల్‌కు కంచు ఎవరు పోస్తారు? గెలిచిన ఇంగ్లీషువారు తమవారికి పోసుకున్నారు. మన తెలుగు జిల్లాలు మద్రాసుతో కలిసి ఉన్నప్పుడు అక్కడి మౌంటు రోడ్డులో జనరల్ నీల్ కంచు విగ్రహం ఉండేది. 1857లో అలహాబాదు, కాన్పూరులలో కనబడినవాళ్ళను ఉరితీయించిన మనిషి ఆయన. 1927లో దాన్ని తీసేయమని సత్యాగ్రహం జరిగింది. యువకులు సుత్తులు పట్టుకుని వెళ్ళి జైళ్ళపాలయ్యారు. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక విగ్రహం మ్యూజియంకు చేరింది. మరో జనరల్ మాత్రం మన హైదరాబాదులోనే ఉన్నాడు. నాచారంలో స్టూడియో కట్టిన రామారావు గారే ముఖ్యమంత్రిగా 1986లో టాంక్‌బండ్ మీద పెట్టించిన విగ్రహాలలో కాటన్ దొర ఒకరు. ఆయన బర్మా యుద్ధంలో పాల్గొన్న సైనిక ఇంజనీరు, జనరల్ హోదా పొందినవాడు. ఆ హోదా ఎవరికి గుర్తుంది? 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గుర్తుంది.

రేమాండ్ సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. నిలువెత్తు రాతి స్తంభం మీద జె, ఆర్ అన్న రెండక్షరాలు తప్ప బిరుదుల పట్టిక లేదు. పక్కన స్తంభాల మండపం ఉంది. ఒకసారి కూలిపోతే మళ్ళీ నిలబెట్టారు. వర్ధంతికి అక్కడ ఉర్సు జరిగేదట, నిజాం చుట్టల పెట్టె, బీరు సీసా పంపేవాడని కూడా చెప్పుకుంటారు. చుట్టూ ఇళ్ళు పెరిగి గుట్ట కుంచించుకుపోయింది.

కాబట్టి అర్జీలో విగ్రహం మాట కొట్టేసి, తోప్ కా సాంచా గోడలు నిలబెట్టమని, గుట్ట చుట్టూ హద్దు రాళ్ళు పాతమని రాద్దామని నా సూచన. విగ్రహానికయ్యే డబ్బులో కొంతతోనే ఆ పని అవుతుంది. ఆ షరతు మీదనైతే నా సంతకం మొదటిదిగా వేసుకోవచ్చు. చూడదలచిన మిత్రులు ఉప్పల్ నుంచి మెట్రో ఎక్కితే అమీర్‌పేట దాకా పోయి తిరిగి రావాలి, అంబర్‌పేట మీదుగా బస్సే దగ్గర. గుట్ట ఎక్కాలి గనుక మోకాళ్ళ నొప్పులున్నవారు ఎండ ముదరకముందే బయలుదేరండి.