బొగ్గుబస్సులును పెట్రోలు గుణమును

సముద్రపు టొడ్డునుండి పడమరగా నడచి వచ్చువానికి మన సీమలో మొదట ఇసుకదిబ్బలు, పిదప సవకతోపులు, ఆ పిదప బకింగ్‌హాము కాలువ, దానికి కొన్ని మైళ్ల దూరమున ఉత్తర దక్షిణములుగా సాగు రాజమార్గమును కానవచ్చును. ఈ మార్గమునే చెన్నపురివారు గ్రేట్ నార్దరన్ ట్రంకు రోడ్డనిరి. తరువాత నది 5వ సంఖ్యగల జాతీయ రహదారియై, 2010లో సంఖ్యలను మార్చినప్పుడు 16వది యయ్యెను. తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు, నెల్లూరు, కావలి యొక్క దారమున గ్రుచ్చిన పూసలవలె దానిపై నున్నవి. కాళంగిని, స్వర్ణముఖిని, పెన్నను దాటి పోవు ఈ బాటపై నడచిన దండులను గూర్చియు దొరలను గూర్చియు వ్రాసినవారు కలరు. భారతమును తెనిగించిన తిక్కన సోమయాజి మన నెల్లూరివాడని చెప్పుకొనుటలో మనకు లోటు లేదు. కాని యీ బాటపై బండ్లు దేనిని త్రాగి నడచినవో వ్రాయ బూనినవారు తక్కువ.

ఇట్టి విషయము గ్రంథాలయ రజతోత్సవ సంచికలో నెందులకని కొందఱడుగవచ్చును. కారణము చెప్పెదను. మన గ్రామమున ఎడ్లబండ్లు తగ్గి మోటారు సైకిళ్లు పెరిగినవి. పెట్రోలు బంకున సాదా పెట్రోలు నొక ధరకును, హెచ్చు ఆక్టేను గల పెట్రోలు నింకొక ధరకును అమ్ముచున్నారు. హెచ్చు ధర పెట్టినచో బండికి హెచ్చు బలము వచ్చునని తలచి కష్టార్జితమును వెచ్చించువారిని నేనెఱుగుదును. ఆక్టేను అనునది బలము కాదు. మఱి యది యేమో మన బాట చరిత్రయే చక్కగా చెప్పగలదు.

మోటారు రాకమున్ను దూరపు సరకునకు కాలువయే దిక్కు. 1806లో కాక్రేన్ అను దొర చెన్నపురినుండి ఎన్నూరు దిక్కునకు త్రవ్వించిన చిన్న కాలువ క్రమముగా ఉత్తరమునకు ప్రాకినది. మన పెద్దలు ధాత కరవని చెప్పుకొనిన 1876-78 కరవులో కూలికి వచ్చిన జనముచేత చెన్నపట్టణము నడుమ మిగిలిన భాగమును త్రవ్వించి, నాటి గవర్నరగు బకింగ్‌హాము ప్రభువు పేరిడిరి. ఉత్తరమున పెదగంజామునుండి దక్షిణమున మరక్కాణము వఱకు పడవలు నడచెను. గాలి యున్న తెరచాప, లేనిచో గడకఱ్ఱ, అదియు చాలనిచో గట్టుపై త్రాడు లాగు మనుష్యులు. వంటచెఱకును ఉప్పును ఇట్లే చెన్నపురికి పోయెను. ఆ ప్రయాణమున ఇంధన మనగా పడవవాని జోలెలోని అన్నమే.

పిదప మోటారు వచ్చెను. ఆనాటి పెట్రోలు డబ్బాలలో వచ్చెడిది, బంకులు తరువాతివి. దాని గుణమును కొలుచు పద్ధతియు లేదు. అయినను బండ్లు నడచెను. ఏలయన, ఆ కాలపు ఇంజనులు మిక్కిలి ఓర్పు గలవి. సిలిండరులోనికి పీల్చిన గాలి, పెట్రోలు ఆవిరుల మిశ్రమమును పిస్టను పైకి వచ్చి నొక్కును గదా. పేరుగాంచిన ఫోర్డు టీ మోడలు కారు దానిని నాల్గవ వంతునకు మాత్రమే నొక్కెడిది. నేటి బండ్లు పదవ వంతునకును, అంతకు మించియు నొక్కుచున్నవి. తక్కువ నొక్కుడు గల ఇంజనునకు ఎట్టి పెట్రోలైనను సరిపోవును. కాని అది యిచ్చు పనియు తక్కువయే.

ఆ పెట్రోలులో పెద్దపాలు బర్మానుండి వచ్చెడిది. మనవారు రంగమని పిలుచుకొనిన రంగూనునకు కూలికి పోయిన తెలుగువారిని గూర్చి వినని తీరగ్రామము లేదు. మనుష్యులు అటు పోవగా చమురు ఇటు వచ్చెడిది. అస్సాములో దిగ్‌బోయియందు 1901నుండి చమురు శుద్ధి జరుగుచున్నను, ఇంత దేశమునకు అది చాలినది కాదు. రెండవ ప్రపంచ యుద్ధమున 1941లోనే పెట్రోలునకు రేషను పెట్టిరి. 1942 మార్చిలో రంగూను జపానువారి వశమయ్యెను. వారికి దక్కకుండవలెనని రంగూను చెంతనున్న సిరియము శుద్ధి కర్మాగారమును, ఏప్రిలులో యెనాంగ్యాంగు చమురు బావులను ఆంగ్లేయులే ధ్వంసము చేసిరి. ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణముపైని, కాకినాడపైని బాంబులు పడెను. చెన్నపట్టణము నుండి జనము మూటలు కట్టుకొని ఊళ్లకు తరలినది. పోవలసినవారు వేలు, పెట్రోలు పూజ్యము.

అప్పుడు చెన్నపురి రాజధానియందంతట వచ్చినవి బొగ్గుబస్సులు. వీనిని చూచినవారు నేడు మిక్కిలి అరుదుగా మిగిలియున్నారు గనుక కొంచెము వివరముగా వ్రాసెదను.

బస్సునకు వెనుక వైపున నిలువెత్తు ఇనుపపీపా యొకటి. దానినిండ కఱ్ఱబొగ్గు. క్రింద నిప్పు రాజవేసి, చేతితో త్రిప్పు గాలిమరతో ఊదవలెను. నిప్పు బాగుగ రాజుకొని, బయటకు వచ్చు వాయువు అగ్గిపుల్ల చూపిన మండునంతవఱకు బస్సు కదలదు. పీపాలోనికి గాలిని తక్కువగా పోనిచ్చుటచే బొగ్గు పూర్తిగా కాలక, కార్బను మోనాక్సైడు అను మండెడి వాయువుగా మాఱును. తేమ తగిలినచో కొంత హైడ్రొజను కూడ చేరును. ఈ వాయువును వడపోతలగుండ, చల్లార్చు గొట్టములగుండ త్రిప్పి మసియును దుమ్మును తీసి ఇంజనునకు అందింతురు. పెట్రోలు ఇంజనే; త్రాగునది మాత్రము పొగ. దారిలో నిలిపి, కడ్డీతో బూడిదను కుళ్లగించి, బొగ్గు పోసికొని మరల సాగవలెను. డ్రైవరునకు కంసాలి పని, వంటవాని పని రెండును తప్పలేదు. మిట్ట వచ్చినచో ప్రయాణికులు దిగి త్రోయుటయు కలదని పెద్దలు చెప్పుదురు. ఈ మోనాక్సైడు వాసన లేని విషము. మూసిన కొట్టములో నిప్పు రాజవేసినవానికి తల తిరిగి, తెలివి తప్పి, ప్రాణమునకే వచ్చును. రేషను కష్టములను గూర్చి నవ్వుచు చెప్పుకొను కథలలో ఈ సంగతి తఱచుగా మఱచుచున్నారు.

పెట్రోలుపై నడచినప్పటి బలములో ఈ వాయువుచే నూటికి 40 పాళ్లు, ఒకప్పుడు సగమువఱకు తగ్గెడిది. కారణము, అందు సగమునకు పైగా మండని నత్రజనియే. కాని యిందొక చిత్రము కలదు. ఈ వాయువు ఆక్టేను లెక్కలో నాటి పెట్రోలుకంటె మిక్కిలి గొప్పది, నూటికి మించినది! ఆక్టేనే బలమైనచో బొగ్గుబస్సు గరుత్మంతునివలె ఎగిరి పోవలసినది. అది మిట్ట యెక్కలేక చతికిలబడినది.

ఇక ఆక్టేను అననేమి? పిస్టను నొక్కుకొలది మిశ్రమము వేడెక్కును. మెఱుపు పుట్టించు ప్లగ్గు అంటించిన మంట ఒక ప్రక్కనుండి క్రమముగా ప్రాకి అంతయు కాలవలెను. అట్లుగాక, మంట ఇంకను చేరని మూలనున్న మిశ్రమము నొక్కుడునకును వేడికిని తాళలేక తనంతట తానే ఒక్కసారిగా ప్రేలినచో, కంచుచెంబులో గులకరాళ్లు వేసి ఆడించినట్లు టకటక మని చప్పుడగును. బలము వృథాయగును, పిస్టను చెడును. ఈ ప్రేలుడును తట్టుకొను ఓర్పే ఆక్టేను. 1926లో గ్రాహం ఎడ్గార్ అను రసాయనవేత్త దీనికి కొలత చూపెను. మిక్కిలి ఓర్పుగల ఐసో-ఆక్టేనునకు 100, ఓర్పే లేని హెప్టేనునకు సున్న. 90 పాళ్లు మొదటిదియు 10 పాళ్లు రెండవదియు కలిపిన మిశ్రమమెంత ఓర్చునో అంత ఓర్చు పెట్రోలు 90 ఆక్టేను గలది. అంతే. సోలతో గింజలు కొలిచినట్టి కొలత యిది. గింజ రుచిని చెప్పునది కాదు.

భారతమున నలోపాఖ్యానము చదివినవారికి ఋతుపర్ణుడు విదర్భకు పయనమైన ఘట్టము జ్ఞాపకముండును. బాహుకుని రూపమున నున్న నలుడు బక్కచిక్కిన గుఱ్ఱములను కట్టగా రాజు సందేహించెను. నలునికి అశ్వహృదయము తెలియును గనుక పైచూపునకు లొంగలేదు. ఋతుపర్ణునికో, చెట్టును చూచి ఆకులను కాయలను లెక్కించు అక్షహృదయము తెలియును. లెక్కలవాడనగుటచే నాకు ఆ ఘట్టముపై మక్కువ మెండు. బండికి తగిన పెట్రోలును ఎన్నుటకు ఈ రెండు విద్యలును కావలెను. 91 ఆక్టేను చాలునని చేసినవారు చెప్పిన సాధారణపు ఇంజనునకు 95 పోసిన ఓర్పు మిగులును, పైకము తఱుగును, బలము రాదు. హెచ్చు నొక్కుడు గల ఇంజనునకు తక్కువది పోసినచో మాత్రము చప్పుడును చేటును వచ్చును.

ఓర్పును చౌకగా పెంచు మార్గమును 1921 డిసెంబరులో అమెరికాలోని డేటను నగరమున థామస్ మిడ్గ్‌లీ కనిపెట్టెను. సీసముతో చేసిన టెట్రాఇథైల్ లెడ్డు అను ద్రవమును చుక్కలుగా కలిపిన చాలును. 1923లో అమ్మకమునకు వచ్చినప్పుడు దానికి ‘ఇథైల్’ అని పేరిడిరి. సీసమను మాట పేరులో లేదు. చిట్టాలో ఒక పద్దును దాచినవాడు తరువాతి లెక్కలన్నిటిని దిద్దవలసివచ్చును గదా! 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే కర్మాగారమున ఆ ద్రవముపై పనిచేసినవారు పిచ్చియెత్తి, అయిదుగురు మరణించిరి. అయినను వ్యాపారమాగలేదు. బండ్ల పొగలో వచ్చిన సీసము రోడ్డు ప్రక్క మట్టిలో చేరి, పసిపిల్లల నెత్తురులో చేరి, వారి బుద్ధిని మందగింపజేసినది. మనదేశమున 1995లో మహానగరములలో సీసము లేని పెట్రోలు మొదలై, 2000 ఫిబ్రవరి 1నుండి దేశమంతట అదియే యయ్యెను. లోకమున కడపట 2021లో అల్జీరియా మానినది. రోడ్డు ప్రక్కనే అంగళ్లును బడులును గల మన యూళ్లకు ఇది ఎంత మేలో, ఆ మేలును గూర్చి ఎవరును ఉత్సవము చేయలేదు.

మన బాట చదును గనుక నెల్లూరినుండి చెన్నపురికి పోవు బండి టకటకలాడుట అరుదు. నాయుడుపేటయొద్ద పడమరకు తిరిగి, శ్రీకాళహస్తిమీదుగా తిరుపతి చేరి, 1944లో వేసిన కొండదారి నెక్కినప్పుడే పెట్రోలు గుణము తెలిసెడిది. చదునుబాటలో వేధించినది వేఱొకటి. ఎండకాలమున అంబాసిడరు కారు నడిరోడ్డున నిలిచిపోవును. ఇంజనులో లోపము కానరాదు. తొట్టిలో పెట్రోలు నిండుగ నుండును. ఇంజనుచెంత పోవు గొట్టములో వేడికి పెట్రోలు ఆవిరియై బుడగ కట్టగా, పంపు దానిని లాగలేక పోయినదన్నమాట. అనుభవము గల డ్రైవరు కంగారుపడక, కాలువలో గుడ్డ తడిపి పంపుపై కప్పి, చింతచెట్టు నీడన చుట్ట కాల్చుకొని, చల్లబడిన పిదప నడుపుకొని పోయెడివాడు. నేటి బండ్లలో పంపు తొట్టిలోపలనే యుండి ఒత్తిడితో ముందునకు త్రోయును గనుక ఈ పీడ తగ్గినది. ఇది ఆక్టేను దోషము కాదు; ఆవిరియగు గుణము వేఱు, ఓర్పు వేఱు.

దొంగచేతి వలన వచ్చు దోషమొకటి కలదు. చౌకధరల దుకాణములలో పేదల దీపములకై ఇచ్చిన నీలి కిరసనాయిలును పెట్రోలులో కలుపుట దేశమున పలుచోట్ల జరిగెను. కిరసనాయిలునకు ఓర్పు మిక్కిలి తక్కువ. పైగా సగము కాలి, సిలిండరు గోడలపై చమురును కడిగివేయును. అనగా పేదవాని దీపమును దోచి, ప్రయాణికుని బండిని చెఱచిన పాపము. ఉత్తరప్రదేశములో లఖీంపూర్ ఖేరీ యందు ఇట్టి బంకును పట్టుకొన్నందులకే ఇండియన్ ఆయిల్ సంస్థ యువోద్యోగి షణ్ముగం మంజునాథ్ 2005 నవంబరులో హత్య చేయబడెను. వడపోత కాగితముపై చుక్క వేసి, అది ఆరిన పిదప మరక మిగిలినదేమో చూచు పరీక్షను బంకున అడుగుటకు ప్రతివానికి హక్కు కలదు. అడుగువారు తక్కువ.

1957లో విశాఖపట్టణమున కాల్‌టెక్సువారి కర్మాగారము, 1969లో చెన్నపురిచెంత మణలిలో ఇంకొకటి రాగా ఈ తీరమునకు రంగము అక్కఱ తీరినది. ముడిచమురు మాత్రము ఇప్పటికిని పరదేశములదే యధికము. అందుచేత చెఱకు, మొక్కజొన్న, నూకలనుండి తీసిన ఇథనాలును కలుపుచున్నారు. 2022లో నూటికి 10 పాళ్లు, 2025 నాటికి 20 పాళ్లు. నెల్లు పండు నెల్లూరివారికి నూకలు బండి త్రాగుట వింతగా తోచును. ఇథనాలుకు ఆక్టేను హెచ్చు, శక్తి తక్కువ. లీటరునకు పెట్రోలులో మూడింట రెండు పాళ్లే. లెక్క వేసి చూడుడు. 100 లీటర్లలో పెట్రోలు 80, ఇథనాలు 20 లీటర్లు 13⅓ లీటర్ల పెట్రోలునకు సమానము, వెరసి 93⅓. ఇంజను నొక్కుడును పెంచి కట్టినచో ఆ లోటు కొంత పూడును. పాత బండిలో పూడదు. బొగ్గుబస్సు చెప్పిన పాఠమే యిది, కొలత మాత్రము చిన్నది.

తీరవాసులకు మఱియొక జాగ్రత్త. ఇథనాలు నీటిని పీల్చును. కొలదిపాటి తేమ అందు కరగిపోవును గాని, వానలో మూతనుండి నీరు దిగి హద్దు మీఱినచో ఇథనాలును నీరును కలిసి తొట్టి యడుగునకు దిగును. పైన మిగిలిన పెట్రోలు ఓర్పు పడిపోవును. అడుగుది ఇంజనునకు ఎక్కినచో బండి కదలదు. పాత బండ్ల రబ్బరు గొట్టములను ఇథనాలు మెత్తబఱచి చీల్చును గనుక, కార్తికపు వానలకు ముందు ఆ గొట్టములను, మూతలోని రబ్బరు చక్రమును మార్పించుకొనవలెను; తొట్టిని సగము ఖాళీగ నుంచి నెలలకొలది బండిని చూరుక్రింద వదలరాదు.