కొల్లేటి వేట: కట్టుబాటు నుంచి కాంటూరు దాకా

కొల్లేటిలో చేపల వేటకు చట్టం అంటే చాలామందికి 1999 నాటి అభయారణ్యం జీవో గుర్తుకొస్తుంది, లేదా 2006లో చెరువుల గట్లు తెగ్గొట్టిన సంగతి గుర్తుకొస్తుంది. అసలు కథ అంతకన్నా చాలా పాతది. నేను లంక గ్రామంలో చేపల వేట మీద బతికే వడ్డీల ఇంట పుట్టాను. ఏలూరు సి.ఆర్.రెడ్డి కాలేజీలో చదువుకుని మత్స్యశాఖలో చేరి, కైకలూరు, తాడేపల్లిగూడెం, ఏలూరు ప్రాంతాల్లో పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో మా తాత నేర్పిన కట్టుబాటూ తెలుసు, ఆఫీసులో చదివిన చట్టమూ తెలుసు. అందుకే ఈ మాట గట్టిగా చెప్పగలను. ఎప్పుడు పట్టాలి, దేనితో పట్టాలి, ఏ చేపను వదిలెయ్యాలి అని అడిగినన్నాళ్లూ కొల్లేరు బాగుంది. ఎవరికి ఎన్ని ఎకరాలు అన్న లెక్క ముందుకొచ్చాకే చెడింది.

ముందు సరస్సు సంగతి. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ మిగిలిపోయిన పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వీటికి తోడు డెల్టా మురుగు కాలవలు అన్నీ ఇందులోకే దిగుతాయి. నీళ్లు సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఒక్కటే, సుమారు అరవై కిలోమీటర్ల ఉప్పుటేరు. సముద్రమట్టానికి మూడు అడుగుల ఎత్తున నీళ్లుంటే సరస్సు 135 చదరపు కిలోమీటర్లు. ఐదు అడుగులకు 308, పది అడుగులకు 901. వేసవిలో ఆ మూల చిక్కిన నీళ్లు శ్రావణానికి ఈ ఊరి వాకిట్లోకి వచ్చేవి. చేప బతుకంతా ఈ పెరగడం, తగ్గడం మీదే నడిచేది. తొలి వరద తగలగానే చేప ప్రవాహానికి ఎదురెక్కి, కొత్తగా మునిగిన గడ్డిలో గుడ్లు పెట్టేది. నీళ్లు తీసేసరికి పిల్లలు ఎదిగి పెద్ద నీటికి దిగేవి.

ఈ నీళ్ల పేరు చరిత్రలోనూ ఉంది. రెండో పులకేశి ఐహోళె శాసనం క్రీ.శ. 634 నాటిది. అందులో చెప్పిన కునాల సరస్సు మన కొల్లేరేనని చరిత్రకారులు గుర్తించారు. ఏలూరికి దగ్గర్లో ఉన్న పెదవేగి ఒకనాటి వేంగి రాజధాని. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మకు ఇప్పటికీ ఫాల్గుణంలో జాతర జరుగుతుంది. రాజులు మారారు గానీ నీటి మీద బతికే మావాళ్ల పనిముట్లు మాత్రం నా చిన్నతనం దాకా పెద్దగా మారలేదు.

వాటిలో ముఖ్యమైనది మావు. సన్నగా చీల్చిన వెదురు బద్దలను నారతో వరసగా కట్టి పెట్టెలా చేస్తారు. ముందువైపు సందు వదిలి, అక్కడి బద్దల కొనలు లోపలికి వంగేలా బిగిస్తారు. చేప ఆ కొనలను ఒత్తుకుని లోపలికి పోతుంది, వెనక్కి వద్దామంటే కొనలు అడ్డం వస్తాయి. పొద్దుగూకే వేళ తాటిదోనె వేసుకుని వెళ్లి, నాచూ తూడూ ఉన్నచోట చేప నడిచే దారి చూసి మావు పాతుతారు. తెల్లవారుజామున ఎత్తుతారు. ఇంగిలాయి, మార్పు, మట్టగిడస, గొరక దొరికేవి. బద్దకూ బద్దకూ మధ్య ఎంత సందు ఉండాలో మా తాత చిటికెన వేలు పెట్టి చూసేవాడు. వేలు దూరకపోతే బద్ద ఊడదీసి మళ్లీ కట్టమనేవాడు.

వల సంగతీ అంతే. అప్పటికి నైలాన్ మా ఊరికి రాలేదు. నూలు వలలు ఇంట్లోనే అల్లి, కుళ్లిపోకుండా తుమ్మబెరడు ఉడికించిన నీళ్లలో ముంచేవాళ్లు. అల్లేటప్పుడు వలకన్ను కొలతకు చిన్న వెదురు చెక్క పెట్టుకునేవాళ్లు. చెక్క ఎంత వెడల్పు ఉంటే కన్ను అంత. ఆ చెక్కను తాత దూలంలో దోపి భద్రంగా ఉంచేవాడు. "ఒరే అబ్బాయ్, ఈ చెక్క చిన్నదైతే రేపు నీకు చేప ఉండదు" అనేవాడు. తర్వాత రోజుల్లో వలకన్ను కొలత గురించి ఎన్ని సర్క్యులర్లు చదివినా, ఇంతకంటే స్పష్టంగా చెప్పినదాన్ని నేను చూడలేదు.

కొర్రమేనుకు వేరే నియమం ఉండేది. కొర్రమేను పిల్లలు ఎర్రటి గుంపుగా నీటి పైకి తేలతాయి. తల్లీతండ్రీ కింద కాపలా ఉండి, గుంపు దగ్గరికి ఏది వచ్చినా మీదకు దూకుతాయి. ఆ కోపాన్ని ఆసరా చేసుకుని కప్పను గాలానికి గుచ్చి ఆడిస్తే పెద్ద చేప సులువుగా పడుతుంది. కానీ ఆ చేపను పట్టుకుంటే ఆ గుంపు మొత్తం పక్షుల పాలవుతుంది. ఎర్రగుంపు కనబడితే దోనె పక్కకు తిప్పడం మా ఊళ్లో ఆనవాయితీ. కాదని గాలం వేసినవాణ్ణి పెద్దలు రచ్చకు పిలిచి తప్పు వేసేవారు.

ఈ పెద్దల మాటనే కట్టుబాటు అనేవాళ్లం. ఏ ఊరి వేట నీరు ఎక్కడిదాకా, ఏ కాలవ మూతి దగ్గర మావులు పాతకూడదు, ఏ రోజు వేట మానాలి, అన్నీ చాటింపు వేసి చెప్పేవారు. తప్పు డబ్బు గుడికో, ఊరి ఉమ్మడి ఖర్చుకో పోయేది. కట్టుబాటులో కాఠిన్యం ఉండేది, దానికి ఎదురు చెప్పడం పేదవాడికి కష్టం కూడా. కానీ నీళ్లను కాపాడే పని మాత్రం నిజంగా చేసింది.

ఇక ప్రభుత్వ చట్టం. వేటకు హద్దు పెట్టాలన్న ఆలోచన మన దేశానికి ఇంగ్లీషువాళ్లు తెచ్చింది కాదు. అశోకుడి ఐదో స్తంభశాసనంలో చాతుర్మాస్య పౌర్ణములకూ, ఇంకొన్ని తిథులకూ చేపను చంపకూడదు, అమ్మకూడదు అని ఉంది. వేటకు విరామం ప్రకటించిన రాజాజ్ఞల్లో బహుశా ఇంత పాతది మన దేశంలో మరొకటి లేదు.

ఆధునిక చట్టానికి మూలం మన గోదావరి ఆనకట్టలోనే ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852కు, బెజవాడ ఆనకట్ట 1855కు పూర్తయ్యాయి. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఎదురొచ్చే పులసకు గోదావరి మీది గోడ అడ్డమైంది. ఆనకట్టల వల్ల చేపలకు నష్టం జరుగుతోందేమో చూడమని 1867 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం దృష్టికి తెచ్చినవాడు సర్ ఆర్థర్ కాటనే. తాను కట్టిన గోడ వల్ల ఎవరికి ఇబ్బందో కూడా ఆలోచించాడు కాబట్టే ఆయన మీద నాకు గౌరవం రెట్టింపు. ఆ విచారణ పని డాక్టర్ ఫ్రాన్సిస్ డే చేతికొచ్చింది. ఆయన దేశమంతా తిరిగి, జిల్లాల్లోని రెవెన్యూ ఉద్యోగులను అడిగి, 1873లో మంచినీటి చేపల మీద నివేదిక ఇచ్చాడు. సన్నకన్ను వలలతో చేపపిల్లలను ఊడ్చేస్తున్నారనీ, గుడ్లతో ఎదురెక్కే చేపను కాలవల దగ్గర కాపుకాసి పడుతున్నారనీ అందులో మొత్తుకున్నాడు.

ఆ తర్వాత ఇరవై నాలుగేళ్లకు 1897 ఫిబ్రవరి 4న ఇండియన్ ఫిషరీస్ యాక్టు వచ్చింది. అది చాలా చిన్న చట్టం. నాలుగో సెక్షను డైనమైటు పేల్చి చేపలు పట్టడాన్ని నిషేధించింది. ఐదో సెక్షను నీళ్లలో విషం, సున్నం కలపడాన్ని నిషేధించింది. శిక్ష రెండు నెలల జైలు, లేదా రెండొందల రూపాయల జరిమానా. ఆరో సెక్షను ప్రాణం లాంటిది. నేలలో పాతే వలలు, బోనులు, అడ్డుకట్టలు, వలల రకం, వాటి కొలత, వీటన్నిటి మీదా నియమాలు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. అవసరమైతే ఒక నీటిలో వేటను రెండేళ్ల దాకా పూర్తిగా ఆపవచ్చు. మా తాత దూలంలో దాచిన చెక్కకూ ఈ ఆరో సెక్షనుకూ ఉద్దేశం ఒక్కటే. తాత మాట ఊరంతా వినేది. సెక్షను మాత్రం అమలుచేసే మనిషి లేక కాగితం మీదే ఉండిపోయింది. 1905లో ఫ్రెడరిక్ నికల్సన్‌కు బాధ్యత అప్పగించడంతో మద్రాసులో మత్స్యశాఖ పనులకు పునాది పడింది, కానీ సముద్రానికి దక్కిన శ్రద్ధ చెరువులకూ సరస్సులకూ దక్కలేదు.

ఆ తర్వాత పెద్ద మలుపు 1957 జూలై 10. ఆ రోజు ఒడిశాలోని అంగుల్‌లో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి, పిట్యూటరీ గ్రంథి ఇంజక్షనుతో మన తెల్లచేప చేత గుడ్లు పెట్టించారు. అప్పటిదాకా బొచ్చె, శీలావతి పిల్లలు కావాలంటే వరదలో నదికి పోయి పట్టి తేవాల్సిందే. తాడేపల్లిగూడెం దగ్గర బాదంపూడి లాంటి ప్రభుత్వ క్షేత్రాల్లో పిల్లను తయారుచేసి చెరువులకు ఇవ్వడం ఈ విద్య వల్లే సాధ్యమైంది. అది గొప్ప విద్య. ఎందరికో అన్నం పెట్టింది. ఉద్యోగంలో నేను మనసు పెట్టి చేసిన పని కూడా అదే.

దాని వెనకాలే సరస్సులోకి గట్లు వచ్చాయి. వరదలకు వరి పోయి లంకలు అల్లాడుతుంటే, 1970ల నడుమ జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో ప్రభుత్వమే కొల్లేటిలో చేపల చెరువులు తవ్వించి సహకార సంఘాలకు ఇచ్చింది. వేటగాణ్ణి రైతును చెయ్యాలన్నది మంచి ఉద్దేశమే. అయితే చెరువుకు పిల్ల కావాలి, తవుడు కావాలి, ఐసు కావాలి, కలకత్తా పోయే లారీ కావాలి. వీటన్నిటికీ పెట్టుబడి కావాలి. అంత డబ్బు సంఘం దగ్గర లేదు. చెరువులు లీజుల కింద బయటివాళ్ల చేతుల్లోకి వెళ్లాయి. సంఘ సభ్యుడు తన పేరున్న చెరువు గట్టు మీద కాపలాదారుగా కూలికి కుదిరాడు. గట్టు వెంట గట్టు లేచి, వరద నీరు పరుచుకునే చోటు లేకుండా పోయింది. ఎదురెక్కే చేపకు గడ్డినేల దొరకలేదు. మావు పాతడానికి నీళ్లు ఉన్నా ఆ నీళ్లు ఎవరివో అయ్యాయి.

చివరికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 1999 అక్టోబరు 4న 120 నంబరు జీవోతో ఐదో కాంటూరు (నీళ్లు ఐదు అడుగుల ఎత్తుకు చేరితే మునిగే హద్దు) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేశారు. 2002 ఆగస్టులో కొల్లేరు రామ్సార్ చిత్తడినేలల జాబితాకెక్కింది. 2006లో సుప్రీంకోర్టు, దాని కేంద్ర సాధికార కమిటీ పట్టుపట్టాక ఆపరేషన్ కొల్లేరు పేరుతో పొక్లెయిన్లు దిగి గట్లు తెంచాయి. 2008లో శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. ఆ తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ ఐదో కాంటూరే ఉండాలంది. అప్పటి నుంచి మా ప్రాంతంలో ఏ ఎన్నిక వచ్చినా కాంటూరు మాటే.

ఈ గొడవలో అందరూ మరిచిన సంగతి ఒకటుంది. అభయారణ్యం చేసినా సంప్రదాయ వేట ఆగలేదు. గట్టు వేసి మేత పోసి పెంచడం నేరం గానీ, వలతో, మావుతో చేప పట్టుకోవడం లంకవాసికి ఉన్న హక్కు. అంటే ఇన్నేళ్లకు ప్రభుత్వం మా తాత పనిముట్టును గుర్తించింది. ఆ పనిముట్టుకు కొలత ఎంత, వేటకు విరామం ఎప్పుడు అన్నదానికి మాత్రం ఎవరూ పట్టుపట్టలేదు. అందుకే ఈ రోజు మావు పేరుతో దోమతెర లాంటి కన్నున్న బోనులు దిగుతున్నాయి. బ్యాటరీ కరెంటు పెట్టి పట్టేవాళ్లున్నారు. ఉప్పుటేరుకు అడ్డంగా వలకట్లు లేస్తున్నాయి. 1215లో ఇంగ్లండు రాజు చేత ముద్ర వేయించిన మాగ్నా కార్టాలోనే థేమ్స్ నది మీద ఇలాంటి అడ్డుకట్టలన్నీ తీసెయ్యాలని ఒక నిబంధన ఉంది. నీటి దారికి అడ్డం వేసినవాడు పైనున్న ఊళ్లన్నిటి కూడూ లాక్కుంటాడని ఎనిమిది వందల ఏళ్ల కిందటే తెలుసు.

2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక, కృష్ణా, పశ్చిమ గోదావరి మధ్య చీలి ఉన్న సరస్సులో చాలా భాగం ఏలూరు జిల్లా కిందికి వచ్చింది. రెండు కలెక్టరేట్ల మధ్య ఫైళ్లు తిరిగే ఇబ్బంది కొంత తగ్గింది. చెయ్యదలిస్తే ఇదే సమయం. వలకన్నుకూ మావు సందుకూ ఒక కొలత పెట్టి ఊరూరా చాటింపు వేయించాలి. తొలి వరద నుంచి గుడ్ల కాలం అయ్యేదాకా కాలవ మూతుల దగ్గర వేట ఆపి, ఆ రోజులకు వేటగాడికి భృతి ఇవ్వాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రవేట ఆపుతున్నారు కదా, అదే న్యాయం మంచినీటికీ కావాలి. ఉప్పుటేరు వలకట్లు తీసి, సరస్సులో నీటిమట్టం నిలపాలి. ఆ కాపలా పనిలో లంక గ్రామాల పెద్దలకూ, ఆడవాళ్లకూ చోటివ్వాలి.

కొనేవాళ్లకూ ఒక మాట. ఏలూరు, తాడేపల్లిగూడెం చేపల బజారులో వర్షాకాలంలో కడుపునిండా గుడ్లున్న కొర్రమేనుకూ, గుప్పెడు ఇంగిలాయి పిల్లలకూ బేరం ఆడకండి. మీరు కొనకపోతే అవి పట్టేవాడికి లాభం ఉండదు. చట్టం చెయ్యవలసినది ప్రభుత్వం చెయ్యాలి, కానీ ఈ ఒక్క నియమం పాటించడానికి మీకు ఏ జీవో అక్కర్లేదు.