చందమామ బొమ్మలకు పాటల దాస్తాన్



ఈసారి ఒక క్యాసెట్ గురించి రాస్తున్నాను. నిజానికి అది పెన్‌డ్రైవ్. నా జెహన్‌లో మాత్రం ఇంకా క్యాసెట్టే. మా ఇంట్లో పాత చందమామల బైండు ఒకటుంది. అందులోని జిన్నుల కథలు, షహజాదాల కథలు, మాంత్రికుల కథలు పిల్లలకు చదివి వినిపిస్తూ, ఏ కథకు ఏ తెలుగు సినిమా పాట జోడీ కుదురుతుందో చూసి ఒక వరస కట్టాను. కథ అయ్యాక పాట, పాట అయ్యాక మళ్లీ కథ.

షౌక్ కొద్దీ మొదలుపెట్టిన పని. పాటలు ఏరుతూ పోతే అందులోంచి ఒక తారీఖ్ బయటికొచ్చింది. ఆ తారీఖ్‌లో సగం నేనుండే శృంగవరపుకోటకు గంట, గంటన్నర ప్రయాణంలోనే ఉంది. అందుకే మీతో పంచుకుంటున్నాను.

ఇంకో వజహ్ కూడా ఉంది. ఇవాళ మన పిల్లలకు అల్లావుద్దీన్ అంటే 1992లో వచ్చిన డిస్నీ కార్టూన్. నీలం రంగు జిన్ను, ఇంగ్లీషు పాటలు. దాదీ, నానీల నోట ‘అలిఫ్ లైలా’ విన్న ఆఖరి తరం మనదేనేమో. ఉర్దూ కహానీలు ఉర్దూ రానందుకు పోతున్నాయి, తెలుగు కథలు తెలుగు చదవనందుకు పోతున్నాయి. రెండు జబాన్ల మధ్య పెరిగే మన బచ్చాలకు రెండు ఖజానాలూ దొరకాలి. ఇప్పుడు రెండూ చేజారుతున్నాయి.

బొమ్మ ముందు, ఆవాజ్ వెనక

కథను బొమ్మతో చూపించి గొంతుతో వినిపించడం చందమామతో మొదలైంది కాదు. అక్బర్ బాద్‌షా జమానాలో, 1562 ప్రాంతం నుంచి దాదాపు పదిహేనేళ్లు, ‘హమ్జానామా’ బొమ్మలు వేశారు. మీర్ సయ్యద్ అలీ, ఆ తర్వాత అబ్దుస్సమద్ ఆ పని నడిపించారు. మొత్తం సుమారు 1400 చిత్రాలు, గుడ్డ మీద వేసిన పెద్ద పెద్ద బొమ్మలు. అమీర్ హమ్జా సాహసాలు ఒకవైపు రంగుల్లో, వెనకవైపు అక్షరాల్లో ఉండేవి. చదివేవాడు చదువుతుంటే దర్బారు చూస్తూ వినేది. ఇవాళ మిగిలినవి రెండు వందల లోపే. అవీ దేశదేశాల మ్యూజియంలలో ఉన్నాయి.

బొమ్మలు పోయినా దాస్తాన్ పోలేదు. లక్నోలో నవల్ కిషోర్ అనే హిందూ పెద్దమనిషి స్థాపించిన ప్రెస్, అమీర్ హమ్జా దాస్తాన్‌ని ఉర్దూలో 46 సంపుటాలుగా అచ్చేసింది. ఢిల్లీలో ఆఖరి దాస్తాన్‌గో అని పేరుపడ్డ మీర్ బాకర్ అలీ 1928లో ఇంతెకాల్ అయ్యారు. ఆయనతో ఆ గొంతు ఆగింది. ఆ తర్వాత ఈ కథలకు ఆవాజ్ ఇచ్చింది గ్రామఫోను, సినిమా.

ఒకే చేతుల్లో పత్రిక, సినిమా

చందమామ 1947 జూలైలో మొదలైంది. స్థాపించింది బి. నాగిరెడ్డి, చక్రపాణి. 1952 నుంచి 1980లో పోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు గారు దాన్ని నడిపారు. తేట తెలుగు, పేజీకో బొమ్మ. పురాణాల పక్కనే బాగ్దాద్ కథలు, బేతాళుడి పక్కనే జిన్ను. ముఖచిత్రాలు వేసిన వ.పా., అంటే వడ్డాది పాపయ్య గారు, మన శ్రీకాకుళం మనిషి. ఆ రంగులు చూసి పెరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ నాగిరెడ్డి, చక్రపాణి గార్లే విజయా ప్రొడక్షన్స్ పెట్టి 1951లో ‘పాతాళ భైరవి’ తీశారు. దర్శకుడు కె.వి. రెడ్డి, కథ, మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు, సంగీతం ఘంటసాల. మధిర సుబ్బన్న దీక్షితులు గారి ‘కాశీ మజిలీ కథలు’లోంచి ఒక కథ తీసుకుని అల్లిన సినిమా అది. కానీ అల్లావుద్దీన్ కథ తెలిసినవాళ్లు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. బేవా తల్లి, పేద కొడుకు. తన పనికి ఒక కుర్రవాడి కోసం వెతికే మాయగాడు. అడిగిందల్లా ఇచ్చే వస్తువు. రాత్రికి రాత్రి లేచే మహల్. ఆ వస్తువు దొంగ చేతికి పోవడం, మహల్‌తో సహా షహజాదీ మాయం కావడం. చిరాగ్ ఉండాల్సిన చోట భైరవి ప్రతిమ ఉంది. తోట రాముడి ఒంట్లో అల్లావుద్దీన్ నెత్తురు కొంత ఉంది.

కాశీ మజిలీ కథల చట్రం కూడా మనకు కొత్తది కాదు. కాశీకి నడిచే మణిసిద్ధుడికి తోడుగా ఒక పశువులు కాసే కుర్రవాడు వస్తాడు. మజిలీకో కథ చెప్తేనే వస్తానంటాడు. షహర్‌జాద్ ప్రాణం కాపాడుకోవడానికి రాత్రికో కథ చెప్పింది. ఈయన కుర్రవాణ్ణి నడిపించడానికి మజిలీకో కథ చెప్పాడు. కథల గొలుసు కట్టడం ఏ ఒక్క కౌమ్ జాగీరూ కాదు.

ఆ మాటకొస్తే అల్లావుద్దీన్, అలీబాబా కథలు పాత అరబ్బీ ‘అలిఫ్ లైలా’ రాతప్రతుల్లో లేవు. హలబ్ నగరం నుంచి పారిస్ వెళ్లిన హన్నా దియాబ్ అనే సిరియా క్రైస్తవుడు 1709లో అంత్వాన్ గలాన్ అనే ఫ్రెంచి పండితుడికి వాటిని నోటితో చెప్పాడు. గలాన్ తన ఫ్రెంచి అనువాదంలో కలిపేసి అచ్చేశాడు, దియాబ్ పేరు మాత్రం వేయలేదు. చెప్పినవాడి పేరు మళ్లీ లోకానికి తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈ మాట గుర్తుంచుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

బకావలీ తోటలో ఇంద్రుడు

నా వరసలో అన్నిటికంటే మధ్యలో పెట్టింది 1962 నాటి ‘గులేబకావళి కథ’. మన ఇళ్లలో పెద్దవాళ్లు ‘గుల్-ఎ-బకావలీ’ అనే కిస్సా అది. 18వ శతాబ్దంలో ఇజ్జతుల్లా బంగాలీ దాన్ని ఫారసీలో రాశారు. 1803 ప్రాంతంలో కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీ కోసం నిహాల్‌చంద్ లాహోరీ ‘మజ్‌హబ్-ఎ-ఇష్క్’ పేరుతో ఉర్దూ చేశారు. 1830ల చివర పండిత్ దయాశంకర్ నసీమ్ అనే కశ్మీరీ పండితుడు ‘గుల్జార్-ఎ-నసీమ్’ మస్నవీగా మలిచారు. ఉర్దూలో చెప్పుకోదగ్గ మస్నవీల్లో అదొకటి.

కథ క్లుప్తంగా ఇది. బాద్‌షా జైనుల్ ములూక్ తన అయిదో కొడుకు తాజుల్ ములూక్‌ని చూసిన క్షణాన చూపు పోగొట్టుకుంటాడు. పరీ బకావలీ తోటలోని పువ్వు కళ్లకు తగిలితేనే చూపు వస్తుందని హకీములు చెప్తారు. నలుగురు అన్నలు బయల్దేరి దారిలో ఒక వేశ్య ఇంట పాచికలాడి అంతా ఓడిపోయి బందీలవుతారు. ఆమె పిల్లి తల మీద దీపం పెట్టి, ఎలుక సాయంతో పాచిక తిప్పేస్తుంటుంది. చిన్నవాడు ఆ గుట్టు కనిపెట్టి గెలుస్తాడు, దేవ్ సాయంతో తోట చేరి పువ్వు తెస్తాడు. అన్నలు దాన్ని లాక్కుంటారు.

ఇక్కడే అసలు మజా. ఆ బకావలీ ఎక్కడికెళ్లి నాట్యం చేస్తుందో తెలుసా? రాజా ఇందర్ సభలో. మనిషిని ప్రేమించినందుకు ఇంద్రుడు శాపం పెడితే నడుము నుంచి కిందికి రాయి అయిపోతుంది. తర్వాత ఒక రైతు ఇంట మళ్లీ పుడుతుంది. ముసల్మాన్ షహజాదా, ఇంద్రసభ, శాపం, పునర్జన్మ, అన్నీ ఒకే దాస్తాన్‌లో ఉన్నాయి. ఫారసీలో రాసినవాడు ముస్లిం. ఉర్దూలో తెచ్చినవాడు, ఛందస్సులో పెట్టినవాడు హిందువులు. ఇది ఎవరి కథ అని అడిగేవాళ్లకు నా దగ్గర ఇంతకంటే మంచి జవాబు లేదు.

తెలుగులోకి వచ్చేసరికి పాటలన్నీ రాసింది సి. నారాయణరెడ్డి గారు. సినిమాకు ఆయన రాసిన మొదటి పాటలు ఇవే. సినారె హైస్కూలు నుంచి ఉస్మానియా బి.ఎ. దాకా చదివింది ఉర్దూ మీడియంలో. ఎం.ఎ. తెలుగు. నేనూ ఉర్దూ మీడియం స్కూల్లో చదివి తెలుగు డిగ్రీ చేసినవాణ్ణి కాబట్టి ఈ సంగతి నాకు కొంచెం ఎక్కువ ఖుషీ ఇస్తుంది, మాఫ్ చేయండి. ఉర్దూ గజల్ నజాకత్ చెవిలో ఉన్నవాడు తెలుగు యుగళగీతం రాస్తే ఎలా ఉంటుందో ఆ సినిమాలో ఘంటసాల, సుశీల పాడిన పాట వింటే తెలుస్తుంది. ప్రియురాలిని పొగిడే తీరులో, మాటకు మాట అందించే తీరులో మహ్‌ఫిల్ వాసన వస్తుంది. మాటలు మాత్రం శుద్ధమైన తెలుగు.

విజయనగరం గొంతులు

పాటలు ఏరుతుంటే ఒక సంగతి పదే పదే ఎదురైంది. ఈ దాస్తాన్లకు తెలుగు ఆవాజ్ ఇచ్చినవాళ్లలో ఎంతోమంది మన విజయనగరం గడ్డ మీద నిలబడినవాళ్లే.

1919లో విజయనగరం మహారాజా సంగీత పాఠశాల పెట్టారు. మొదటి అధ్యక్షులు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. అజ్జాడలో పుట్టిన ఆ బ్రాహ్మణ పండితుడికి ఫారసీ, అరబ్బీ వచ్చు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషుతో సరిపెట్టుకోకుండా ఫారసీ మూలం చదివి, సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి రెండింటికీ తెచ్చారు. విజయనగరంలో ఫారసీ పరాయిది కాదని చెప్పడానికి అదొక్క కితాబ్ చాలు.

కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల సంగీతం కోసం ఈ ఊరే వచ్చారు. మధూకరం ఎత్తుకుని తిని, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నారు. 1949లో ‘లైలా మజ్నూ’లో మజ్నూ గొంతు ఆయనది. ‘పాతాళ భైరవి’, 1970లో ‘ఆలీబాబా 40 దొంగలు’ రెండింటికీ సంగీతం ఆయనది. సుశీల గారు విజయనగరంలోనే పుట్టి, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి రోజుల్లో అదే కాలేజీలో నేర్చుకున్నారు. 1957 నాటి ‘అల్లావుద్దీన్ అద్భుత దీపం’కి సంగీతం సమకూర్చిన అన్నదమ్ములు సాలూరి హనుమంతరావు, రాజేశ్వరరావు. సాలూరు పక్కన శివరామపురం వాళ్లు. బాగ్దాద్ చిరాగ్ మన సాలూరు చేతుల్లో వెలిగింది.

పేర్ల సంగతి

అన్నీ తియ్యటి మాటలే రాస్తే బేఈమానీ అవుతుంది. సినిమాలో తాజుల్ ములూక్ పేరు విజయ్ అయింది. పువ్వు పేరు మిగిలింది, కథానాయకుడి పేరు పోయింది. తోట రాముడి వెనక అల్లావుద్దీన్ నీడ ఉందని ఎవరూ పిల్లలకు చెప్పరు. అప్పుడు దియాబ్ పేరు పోయినట్టే ఇక్కడ షహజాదా పేరు పోయింది.

దీన్ని దొంగతనం అనను. కథలు ఊరు మారినప్పుడు బట్టలు మార్చుకుంటాయి. బకావలీ కథే ఇంద్రుణ్ణి తన సభకు రప్పించుకుంది కదా. కానీ పేరు చెరిగిపోతే నష్టం పిల్లలకు జరుగుతుంది. బడిలో ఎవరైనా ‘మీ ఉర్దూకి ఈ నేలతో ఏం సంబంధం’ అంటే మన పిల్లవాడు తల దించుకుంటాడు. ఇంట్లో ఎవరైనా ‘తెలుగు మనది కాదు’ అంటే అదే పిల్లవాడు నమ్మేస్తాడు. తాజుల్ ములూక్ ఎవరో, ఆ పాట రాసినాయన ఏ మీడియంలో చదివాడో తెలిసిన పిల్లవాడికి ఇద్దరికీ జవాబు చెప్పే హిమ్మత్ ఉంటుంది.

వరస కట్టిన తీరు

మా కుర్రతనంలో శృంగవరపుకోటలో క్యాసెట్ రికార్డింగ్ షాపుకి కాగితం మీద పాటలు రాసిచ్చేవాళ్లం. అరవై నిమిషాల క్యాసెట్ అంటే వైపుకి ముప్పై. పాత పాట మూడు, మూడున్నర నిమిషాలుండేది, గ్రామఫోను రికార్డు ఒక వైపు పట్టేది అంతే కాబట్టి. అంటే వైపుకి ఎనిమిది, తొమ్మిది పాటలు. పెన్‌డ్రైవ్‌కి ఆ హద్దు లేకపోయినా నేను అదే పాటించాను. హద్దుంటేనే ఏరతాం.

మొదటి వైపు అరేబియా దాస్తాన్లు: ‘లైలా మజ్నూ’తో మొదలు, తర్వాత ‘అల్లావుద్దీన్ అద్భుత దీపం’, టి.వి. రాజు సంగీతంలో 1968 నాటి ‘బాగ్దాద్ గజదొంగ’, చివర ‘ఆలీబాబా 40 దొంగలు’. రెండో వైపు ఇక్కడ వేరూనినవి: ‘పాతాళ భైరవి’లో ఘంటసాల, లీల పాడినవి, పిల్లలు నవ్వడానికి రేలంగి స్వయంగా పాడింది, ఆపైన ‘గులేబకావళి కథ’ పాటలు. ప్రతి సినిమాకు ముందు బైండులోంచి ఒక కథ, కథ దొరకని చోట నోటితో చెప్పడం. తాజుల్ ములూక్, షహర్‌జాద్, హన్నా దియాబ్, ఈ పేర్లు తప్పకుండా పలకడం.

గానా బజానా గురించి ఒక్కో ఇంట్లో ఒక్కో కాయిదా ఉంటుందని తెలుసు. పాట వద్దనుకునే ఇళ్లలో కథ ఒక్కటే చెప్పండి, దాస్తాన్‌గోలు వందల ఏళ్లు చేసింది అదే. కానీ చెప్పండి. ఈ వారమే ఒక రాత్రి ఫోన్లు పక్కన పెట్టించి, పిల్లి తల మీద దీపం దగ్గర మొదలుపెట్టి చూడండి. పిల్లలు ‘ఫిర్ క్యా హువా’ అన్నా, ‘తర్వాతేటైంది’ అన్నా, రెండిటికీ చెప్పాల్సిన జవాబు ఒకటే.