ఘోస్ట్ ఫారెస్ట్

వాషింగ్టన్‌లోని వియత్నాం వెటరన్స్ మెమోరియల్ రూపకర్త మాయా లిన్ 2021లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ పార్కులో నెలకొల్పిన తాత్కాలిక కళాఖండం. న్యూజెర్సీ పైన్ బారెన్స్ నుంచి తెచ్చిన 49 ఎండిన అట్లాంటిక్ వైట్ సీడర్ చెట్లను పచ్చికలో నిలబెట్టారు. ఎత్తు సుమారు 40 అడుగులు. సముద్రమట్టం పెరిగి ఉప్పునీరు చొరబడటంతో తీరప్రాంత చిత్తడి అడవులు నిలువునా ఎండిపోతున్నాయి. ఆ నష్టాన్ని నగరవాసుల కళ్లముందు ఉంచడమే దీని ఉద్దేశం. మే నుంచి నవంబరు వరకు, పార్కు చెట్ల పచ్చదనం నడుమ ఈ మాన్లు క్రమంగా బూడిదరంగుకు తిరిగాయి. ఒకప్పుడు మన్‌హటన్‌లో తిరిగిన జంతువుల ధ్వనులనూ సందర్శకులకు వినిపించారు. ప్రదర్శన ముగిశాక కలపను బ్రాంక్స్‌లో పడవల తయారీ నేర్చుకునే యువతకు అందజేశారు.