కనకాంబరానికి మడచెట్టు ఏమవుతుంది?

బెజవాడలో మూర లెక్కన కొనే కనకాంబరానికీ, నాగాయలంక దాటాక ఉప్పుబురదలో నిలబడ్డ మడచెట్టుకీ చుట్టరికం ఉందంటే నమ్ముతారా? రెండూ అకాంథేసీ కుటుంబమే. అడ్డసరం, నేలవేము కూడా ఆ ఇంటివే. ఇది తేలడానికి మాత్రం దాదాపు రెండున్నర శతాబ్దాలు పట్టింది.

నల్లమడ శాస్త్రీయనామం అవిసెన్నియా అఫిసినాలిస్. 1753లో లినేయస్ పెట్టాడు. అందులో మొదటిమాట పాతకాలపు పర్షియా వైద్యుడు ఇబ్న్ సీనా పేరు. పేరు కుదిరింది గానీ కుటుంబమే ఓ పట్టాన కుదరలేదు. ఎదురెదురు ఆకులు, నాలుగు కేసరాలు చూసి టేకుతో పాటు వెర్బినేసీలో వేశారు. గాంబుల్ మొదలుపెట్టిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షగ్రంథంలోనూ (1915-36) అక్కడే ఉంది. కొందరు ఒప్పుకోలేదు. బురదలోంచి పైకి పొడుచుకొచ్చే శ్వాసవేర్లు, ఉప్పు కక్కే ఆకులు, కాయలో ఉండగానే మొలకెత్తే విత్తనం... ఇన్ని వింతలున్నాయి కాబట్టి అవిసెన్నియేసీ అని దీనికి వేరుకాపురం పెట్టారు.

2002లో ష్వార్జ్‌బాఖ్, మెక్‌డేడ్ డీఎన్ఏ పోల్చి చూస్తే మడ వెళ్ళి కనకాంబరం వాళ్ళింట్లో తేలింది! ఎండిన కనకాంబరం కాయ తడిస్తే టప్పున పేలి గింజలు విసురుతుంది. మడకాయకి ఆ విద్య లేదు, నీళ్ళమీద తేలిపోతుంది. కానీ ఉబ్బిన కణుపులు మాత్రం ఇంటిపోలికే. శ్వాసవేర్లూ అవీ ఉప్పునీట్లో బతకడానికి తెచ్చుకున్నవి. ఉద్యోగం కోసం వేషం మారిస్తే ఇంటిపేరు మారదు కదా. (టేకు కూడా ఇప్పుడు తులసి కుటుంబంలో ఉందండోయ్.)

ఇదంతా మనకెందుకంటారా? పాత, నడిమి, కొత్త జాబితాల్లో ఒకే చెట్టు మూడు కుటుంబాల కింద ఉంటుంది. కుటుంబాల వారీగా పోల్చితే ఏదో అంతరించిపోయినట్టు లెక్క తేలుతుంది. మారిపోయే కాలమ్‌ని ప్రైమరీ కీ చేస్తే అంతే మరి. 1753 నాటి పేరు పట్టుకుంటే ఈ గొడవ లేదు.

1989లో ఏర్పడ్డ కృష్ణా అభయారణ్యంలో, సొర్లగొంది వైపు మడ పెరిగిందా తరిగిందా తెలియాలంటే లెక్క సరిగ్గా ఉండాలి. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమకి, అలల జోరు తగ్గించే ఈ చెట్లు ఉత్త జాబితా కాదు. కుటుంబం తప్పు రాస్తే ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. రొయ్యల చెరువు కోసం మడ కొట్టేస్తే రోల్‌బ్యాక్ ఉండదు.