మోర్సు సంకేతలిపి – అచ్చుకూటపు లెక్క

ఆంగ్లభాషలో ఏ అక్షరము ఎన్నిమారులు వచ్చునో తంతివార్త పుట్టుటకు పూర్వమే ఎరిగినవారు అచ్చుకూటములవారు. వారికిది పాండిత్యవిషయము కాదు, జీవనోపాధి. అరలో 'ఈ' అక్షరములు అయిపోయినచో తక్కినవి ఎన్ని యున్నను కూర్పు ఆగిపోవును. కావున సీసపు అక్షరములను కొనునప్పుడే దేనిని ఎన్ని కొనవలెనో వారు అనుభవముచే నిర్ణయించుకొనిరి.

శామ్యూల్ మోర్సు వృత్తిచే చిత్రకారుడు. 1837 సెప్టెంబరులో న్యూయార్కు విశ్వవిద్యాలయమున ఆయన ప్రదర్శించిన తంతి యంత్రమును చూచి ముగ్ధుడైన యువకుడు ఆల్ఫ్రెడ్ వెయిల్. న్యూజెర్సీ రాష్ట్రములోని మోరిస్‌టౌనులో అతని తండ్రికి ఇనుప కర్మాగార ముండెను. యంత్రములను వెయిల్ స్వంత ఖర్చుతో నిర్మించునట్లును, అందులకు హక్కులలో అతనికి కొంత భాగ మిచ్చునట్లును ఒడంబడిక జరిగెను. అయితే అతడు క్రొత్తగా ఏమి కల్పించినను పేటెంటు మోర్సు పేరనే యుండవలెను.

మోర్సు తొలి పథకము చాల చుట్టుదారి. మాట కొక అంకె నిచ్చి, ఆ అంకెలను తీగపై పంపి, అవతలివారు నిఘంటువును తిరుగవేసి మాటను గ్రహింపవలెను. 1838 నాటికి దీనిని విడిచి, అక్షరములకే చుక్కలు, గీతలు కేటాయింపబడినవి. పొట్టి సంకేతము ఏ అక్షరమునకు దక్కవలెను? వెయిల్ మోరిస్‌టౌనులోని వార్తాపత్రిక అచ్చుకూటమునకు పోయి అరలలోని అక్షరములను లెక్కించెనని ప్రతీతి. మోర్సు పేర ప్రచారములో నున్న పట్టికలో 'ఈ' 12,000, 'టీ' 9,000. 'ఏ', 'ఐ', 'ఎన్', 'ఓ', 'ఎస్' ఒక్కొక్కటి 8,000. 'జడ్' కేవలము 200. అందుచేతనే 'ఈ'కి ఒకే చుక్క, 'టీ'కి ఒకే గీత లభించినవి. అరుదైన 'జడ్', 'క్యూ'లకు నాలుగేసి గుర్తులు.

ఈ న్యాయము 'ఓ' విషయమున నిలువలేదు. అమెరికా లిపిలో నడుమ కొంచెము ఎడమిచ్చిన రెండు చుక్కలే 'ఓ'. 1848లో జర్మనీలో గెర్కే అక్షరము నడుమ ఎడములను తొలగించి లిపిని సంస్కరించెను. 1865 పారిస్ సమావేశమునకు పిమ్మట స్థిరపడిన అంతర్జాతీయ లిపిలో 'ఓ'కు మూడు గీతలు పడినవి. 1851లో కలకత్తా–డైమండ్ హార్బరు తంతితో ఆరంభమైన భారత తంతిశాఖలోను పిమ్మట ఈ అంతర్జాతీయ లిపియే వాడుకలోనికి వచ్చెను. తెలుగువారి పెండ్లి కబురులు, మరణవార్తలు బహుకాలము ఆంగ్లాక్షరములలోనే పోయినవి. ప్రతి 'రావు'గారి పేరు చివరను తంతి గుమాస్తా మూడు గీతలు నొక్కవలసివచ్చెను! 2013 జూలైలో మన దేశమున తంతివార్తల సేవ ముగిసెను.

ఇక లిపికర్త యెవరను వివాదము తెగలేదు. లిపి వెయిల్‌దేయని అతని సహాయకుడు బాక్స్‌టర్ తరువాతికాలమున వాదించెను. లెక్కకై గ్రంథాలయమునకు గాక అచ్చుకూటమునకు పోవలెనను ఊహ, కర్మాగారములో పెరిగినవానికి తోచునట్టిదే. కాని 1845లో తాను ప్రకటించిన తంతి గ్రంథమున వెయిల్ ఆ లిపిని మోర్సుదిగానే వ్రాసెను. మూడేండ్లకు తంతి వ్యవహారమునే విడిచి మోరిస్‌టౌనునకు మరలిపోయెను. అచటనే 1859లో మరణించెను.